పత్తి మీద మంచు ఆరేలోపు

కిందటి నెలలో ఇద్దరు కొత్త టీచర్లు తిరువూరులో మా ఇంటికి వచ్చారు. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. కాఫీ తాగి, ఎవరి ఇంటిపేరు ఏంటో, ఎవరికి ఎవరు చుట్టమో కాసేపు మాట్లాడుకున్నాక అసలు సంగతికి వచ్చారు.

"మేడం, పెనుగొలనులో మీరు తెల్లవారుజామున క్లాసులు పెట్టి పదో తరగతి పిల్లలందర్నీ గట్టెక్కించారటగా. ఏమేం చేశారో వరసగా చెప్పారంటే మేమూ మా స్కూల్లో మొదలుపెడతాం" అంది వాళ్లలో చిన్నమ్మాయి.

నేను చెప్పలేదు. మాట మార్చేసి, ఆవకాయ సీసా ఒకటి చేతిలో పెట్టి పంపించేశాను. ఈవిడకి ఎంత పొగరు అనుకుని ఉంటారు. అనుకోనీ. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఒకసారి చెప్పి చూశాను. అయినా మనసు ఊరుకోక ఇది రాస్తున్నాను. నేను ఎప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌ని అయ్యానో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండవు. ఆ రెండూ ఎవరికీ పనికిరావు.

మౌనం నాకు అచ్చిరాలేదు

నేను లెక్కల టీచర్ని. మొదటి ఉద్యోగం విస్సన్నపేట దగ్గర ఒక హైస్కూల్లో. అక్కడి హెడ్‌మాస్టరు సుబ్బారావు గారు బెత్తం పట్టుకోవడం నేను చూడలేదు, గొంతు పెంచడం వినలేదు. క్లాసులోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, బల్ల పక్కన ఊరికే నిలబడేవారు. కాసేపటికి గదంతా సద్దుమణిగేది. అప్పుడు మెల్లగా "కూర్చోండి నాయనా" అనేవారు.

ఇదేదో బాగుందే, నోరు నొప్పి పుట్టకుండా పని జరుగుతుంది అనుకున్నాను. మర్నాడు తొమ్మిదో తరగతికి వెళ్లి నేనూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. పిల్లలు కాసేపు నన్ను చూశారు. తర్వాత వాళ్ల మాటల్లో వాళ్లు పడిపోయారు. నేను పట్టుదలకు పోయి అలాగే నిలబడ్డాను. చివరికి ముందు బల్ల అమ్మాయి ఒకతి లేచి, "టీచర్, ఒంట్లో బాగోలేదాండి?" అని అడిగింది. నా మౌనవ్రతం అక్కడితో ముగిసింది.

స్టాఫ్ రూములో ఈ సంగతి చెప్తే సుబ్బారావు గారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "ఆ పిల్లల తండ్రులకి నేను పాఠం చెప్పానమ్మా. నా దగ్గర తిన్న తిట్లు వాళ్లు ఇంట్లో కథలుగా చెప్పుకుంటారు. నేను నోరు మూసుకుంటే ఆ తిట్లు వినిపిస్తాయి వీళ్లకి. నువ్వు నోరు మూసుకుంటే ఏం వినిపిస్తుంది?" అన్నారు.

నేనూ నవ్వాను. ఆ మాటని ఒక పెద్దాయన చమత్కారంగా తీసుకుని వదిలేశాను. అదే మాట నాకు అవసరమైన రోజున గుర్తుకు రాలేదు.

పెనుగొలను

చాలా ఏళ్ల తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌గా పెనుగొలను వెళ్లాను. వ్యవసాయం ఊరు. పత్తి తీతలు మొదలైతే పదో తరగతి ఆడపిల్లల్లో సగం మంది బడికి రారు. తల్లులతో పాటు పత్తికి పోతారు. పండగ దాటాక తిరిగొచ్చేసరికి సిలబస్ వాళ్లని వదిలేసి ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. ప్రతి ఏడూ ఇదే తంతు.

కూలి ముఠాని నడిపే మేస్త్రి సుగుణమ్మ. నిదానంగా మాట్లాడే మనిషి, కానీ ముఠాలో ఎవరూ ఆవిడ మాట దాటరు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే దారిలో ఆపి, పిల్లల్ని తీతలకు తీసుకుపోవద్దని బతిమాలాను.

"తీసుకుపోకపోతే వాళ్ల ఇళ్లలో ఊరుకోరండి. కానీ ఒక మాట. పత్తి మీద మంచు ఆరేదాకా మేం చేలో దిగం. తడి పత్తి తీస్తే రంగు మారిపోద్ది, రైతు కేకలేస్తాడు. పొద్దెక్కేదాకా పిల్లలు ఇంట్లో ఖాళీయే. అప్పటిదాకా మీ దగ్గరే ఉంచుకోండి. చేలు ఊరి పక్కనే కదా, క్లాసు అవగానే నడిచొచ్చేస్తారు. నా కూతురు కూడా పదే ఈ ఏడు" అంది.

అలా మొదలైంది తెల్లవారుజాము క్లాసు. చీకటి ఉండగానే గంట కొట్టించేదాన్ని. పిల్లలు దుప్పట్లు కప్పుకుని వచ్చేవాళ్లు. ఉడకబెట్టిన శనగలు పెట్టేవాళ్లం. లెక్కలు, సైన్సు గట్టిగా చెప్పి, ఎండ వచ్చేసరికి వదిలేసేవాళ్లం. ఒకళ్లిద్దరు ఆలస్యంగా చేలోకి వెళ్లినా సుగుణమ్మ ఏమనేది కాదు, తన కూతురూ అందులోనే ఉంది మరి. ఆ ఏడు పరీక్ష రాసిన వాళ్లందరూ పాసయ్యారు. ఊళ్లో కొందరు టపాకాయలు కాల్చారు. నా జీవితంలో అంత సంతోషపడిన రోజులు తక్కువ.

మైకు ముందు

తర్వాత తిరువూరులో హెడ్‌మాస్టర్ల మీటింగు జరిగింది. మా పై అధికారి ఒకాయన ఉండేవారు. ఆయనకి ఏదైనా ఒకచోట పని చేసిందంటే చాలు, దానికి పేరు పెట్టి నాలుగు చోట్ల నాటాలని ఆత్రం. నన్ను మైకు ముందు నిలబెట్టి, "పెనుగొలను మోడల్ గురించి మేడం చెప్తారు, అందరూ రాసుకోండి" అన్నారు.

నేను చెప్పాను. గంట గురించి చెప్పాను, శనగల గురించి చెప్పాను, వెనకబడ్డ పిల్లలకి చదువులో ముందున్న పిల్లల్ని జత చేయడం గురించి చెప్పాను. ఒక్కరు కూడా క్లాసు మానలేదని కాస్త గర్వంగానే చెప్పాను. అన్నీ నిజాలే. మంచు సంగతి మాత్రం చెప్పలేదు. దాచాలని కాదు, అసలు అది చెప్పుకోదగ్గ విషయమని తట్టనే లేదు. ఇంట్లో వంట కుదిరిన రోజున ఉప్పూ కారం గురించి చెప్తాం కానీ నీళ్ల గురించి ఎవరు చెప్తారు?

మీటింగు అయ్యాక ప్రసాద్ గారు నా దగ్గరికి వచ్చారు. కొత్తగా హెడ్‌మాస్టరయిన కుర్రాడు, ఫిజిక్సు. తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక చిన్న ఊళ్లో స్కూలు. ఆ ఊరి పేరు రాయను. పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి, ఆ సంగతి ఆయనతో రెండు నిమిషాలు మాట్లాడితే తెలిసిపోతుంది.

"మేడం, గంట ఎన్నింటికి కొట్టించేవారు? శనగలు నానబెట్టేది ఎవరు? ముందు లెక్కలా, సైన్సా?" అని గుచ్చిగుచ్చి అడిగారు. నేను అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాను. నేను మాత్రం ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మీ ఊళ్లో పిల్లలు ఏ పనికి పోతారు, ఎక్కడికి పోతారు, ఎప్పుడు బయల్దేరతారు అని అడగాల్సింది. ఉద్యోగంలో నేను అడగకుండా వదిలేసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. నిద్ర పట్టనివ్వనిది ఇదొక్కటే.

అదే గంట, అవే శనగలు

ఫిబ్రవరిలో ప్రసాద్ గారు ఫోన్ చేశారు. "ఒకసారి వచ్చి చూడండి మేడం, ఎక్కడో తేడా కొడుతోంది" అన్నారు. మా అబ్బాయి బండి మీద తెల్లారకముందే తీసుకెళ్లాడు.

స్కూలు దగ్గరికి వెళ్లేసరికి గంట మోగుతోంది. అచ్చం మా గంటలాగే, ఆగి ఆగి. వరండాలో శనగల గిన్నె. పిల్లలు జతలుగా కూర్చున్నారు. నేను చెప్పినవన్నీ చెప్పినట్టే ఉన్నాయి. కాకపోతే గదిలో ఉన్నవాళ్లంతా తల దువ్వుకుని, చలికోట్లు వేసుకుని వచ్చిన పిల్లలు. వాళ్లు తెల్లవారుజామున రాకపోయినా పాసయ్యేవాళ్లే. ఎవరి కోసం ఈ క్లాసు పెట్టారో వాళ్లు ఒక్కరూ లేరు.

వాళ్లు నాకు వచ్చే దారిలోనే కనిపించారు. రెండు ట్రాలీ ఆటోలు మాకు ఎదురొచ్చాయి. నిండా ఆడవాళ్లు, ఒళ్లో అన్నం క్యారేజీలు. మధ్యలో తలకి తువ్వాళ్లు చుట్టుకున్న ఆడపిల్లలు. ఆ ఊళ్లో పత్తి తక్కువ. మిరపకోతలకి సరిహద్దు దాటి అవతలికి పోతారు. దూరం ఎక్కువ కాబట్టి ఆటో చీకటితోనే బయల్దేరుతుంది. మనం గంట కొట్టే వేళకి వాళ్లు ఆటోలో ఉంటారు. ఇక్కడ మంచు ఆరేదాకా ఎవరూ ఆగరు.

ఇంతవరకే అయితే ఒక ఏర్పాటు కుదరలేదు అనుకుని వదిలేయొచ్చు. కానీ ప్రసాద్ గారు నా మాటని నాకంటే ఎక్కువ నమ్మారు. పెనుగొలనులో ఒక్కరూ మానలేదన్నాను కదా, ఇక్కడ మానుతున్నారంటే తానే గట్టిగా లేననుకున్నారు. తెల్లవారుజాము క్లాసుకి రానివాళ్లు ప్రేయర్‌లో అందరూ కూర్చున్నాక కూడా నిలబడి ఉండాలని రూలు పెట్టారు. అంతకుముందు ఆ పిల్లలు వారంలో రెండు రోజులు కోతకి పోయినా, మిగతా రోజులు బడికి వచ్చేవాళ్లు. ఈ రూలు వచ్చాక ఆ మిగతా రోజులూ మానేశారు.

"అక్కడ ఒక్కరూ మానలేదన్నారుగా మేడం" అన్నారు ప్రసాద్ గారు. ఆయన ముఖంలో నిష్ఠూరం లేదు, ఆశ్చర్యం ఉంది.

"మానాల్సిన అవసరం అక్కడ రాలేదండి" అన్నాను. మంచు సంగతి నా నోటి నుంచి మొదటిసారి బయటికి వచ్చింది అప్పుడే.

కెజియా

మానేసిన వాళ్లలో కెజియా అనే అమ్మాయి గురించి ప్రసాద్ గారికి ఎక్కువ బెంగ. లెక్కల్లో ఆ క్లాసుకే మొదటిది. సాయంత్రం దాకా అక్కడే ఉండి, ఆటో తిరిగొచ్చాక ఇద్దరం వాళ్ల ఇంటికి వెళ్లాం.

తల్లి మాకు కుర్చీలు వేసి, తను గుమ్మంలో కూర్చుంది. అమ్మాయి లోపల రెండు చేతులూ నీళ్ల గిన్నెలో పెట్టుకుని కూర్చునుంది. మిరపకాయల మంట. ఆ చేతులతో కన్ను నలుపుకోవడానికి కూడా ఉండదు.

"సాయంత్రం క్లాసు పెడితే పంపిస్తావా అమ్మా?" అని అడిగాను.

"ఈ చేతులతో పుస్తకం ఏం పట్టుకుంటదండి? పొద్దున పంపిద్దామంటే ఆటో పోద్ది. ఇద్దరం వస్తేనే మేస్త్రి కోతకి సాలు ఇస్తాడు. ఇది రాకపోతే నాకూ పని లేదు. అప్పటికీ మూడు రోజులు పంపానండి. మమ్మల్ని వదిలేసి వేరేవాళ్లని ఎక్కించుకుపోయాడు" అంది.

"తెల్లవారుజాము క్లాసు వద్దమ్మా. ఎప్పటిలాగే వీలైన రోజుల్లో రా. నిలబెట్టడం అదీ ఏం ఉండదు. తప్పు నాదే" అన్నారు ప్రసాద్ గారు లోపలికి చూస్తూ. ఒక హెడ్‌మాస్టరు పదో తరగతి పిల్లతో ఆ మాట అనడం నేను అదే మొదటిసారి చూడటం.

కెజియా తల ఎత్తలేదు. "మీ తప్పేం లేదండి సార్. పెనుగొలను పిల్లలు కూడా కూలికి పోయారంట కదా. పోయి కూడా చదివి పాసయ్యారంట. మీరే ప్రేయర్‌లో చెప్పారు. వాళ్లు చేశారు, నేను చెయ్యలేకపోయాను. నాకు చదువు రాదండి" అంది.

మంచు గురించి చెప్పాను. పత్తికీ మిరపకీ తేడా చెప్పాను. ఆ పిల్లలకి నడిచిపోయే దూరంలో చేలు ఉన్నాయని, వాళ్ల మేస్త్రి కూతురు ఆ క్లాసులోనే ఉందని చెప్పాను. మర్యాదకి తల ఊపింది. తనని ఓదార్చడానికి పెద్దావిడ ఏవో కారణాలు వెతుకుతోంది అనుకుందని ఆ ఊపులోనే తెలిసింది.

ఆ అమ్మాయి పరీక్ష రాయలేదు. ప్రసాద్ గారు పరీక్షల ముందు రోజు కూడా వెళ్లి పిలిచారట. ఆటో ఎక్కి వెళ్లిపోయిందట.

ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు. వేరేచోట గెలిచిన పద్ధతి మన దగ్గర ఓడిపోతే, ఆ పద్ధతిని ఎవరూ అనుమానించరు. అది గెలిచిందని అందరికీ తెలుసు కదా. తప్పు తమదే అనుకుంటారు. పెద్దవాళ్లయితే నాలుగు రోజులు బాధపడి మరిచిపోతారు. పదిహేనేళ్ల పిల్ల మాత్రం నాకు చదువు రాదని తేల్చేసుకుంటుంది.

పులీ నక్కా

తర్వాతి మీటింగులో మా అధికారి ఈ సంగతి ఎత్తి, అందరి ముందూ "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది" అన్నారు. కొందరు నవ్వారు. మోడల్ అని పేరు పెట్టి అందరినీ రాసుకోమన్నది తానేనని ఆయనకి గుర్తున్నట్టు లేదు. ప్రసాద్ గారు బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. నేను లేచి మాట్లాడాను కానీ, అప్పటికే మా అధికారి వేరే విషయంలోకి వెళ్లిపోయారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే.

ఆ సామెత మీద నాకు ఇప్పటికీ కోపం. పులి తన చారలు తను పెట్టుకోలేదు. అవి ఎలా వచ్చాయో అడిగితే దానికీ తెలియదు. నాకు చారలు ఇచ్చింది పత్తి మీద మంచు, సుగుణమ్మ కూతురు. శాలువా కప్పించుకున్నది నేను.

ప్రసాద్ గారు ఆ వేసవిలో బదిలీ అడిగి వెళ్లిపోయారు. ఇప్పటికీ పాఠాలు బాగానే చెప్తారని విన్నాను. కొత్తగా ఏదైనా చేద్దామని ఎవరైనా అంటే మాత్రం, "రూల్సులో ఏముందో అది చేద్దామండి" అంటారట. పిల్లల కోసం రాత్రనకా పగలనకా తిరిగిన మనిషి. ఆ నష్టం కూడా నేను ఆ మైకు ముందు నిలబడ్డ రోజుదే.

బస్టాండులో

మొన్న ఆ కొత్త టీచర్లు వచ్చి వెళ్లిన వారానికి విజయవాడ వెళ్దామని తిరువూరు బస్టాండుకి వెళ్లాను. బెంచీ మీద కూర్చుని ఉంటే ఒకామె దగ్గరికి వచ్చి, "టీచర్, బాగున్నారాండి?" అంది. ముఖం తెలిసినట్టే ఉంది, పేరు అందలేదు.

"కెజియానండి. ప్రసాద్ సార్ స్కూలు."

పక్కన జరిగి చోటిచ్చాను. కూర్చుంది. ఇప్పుడు ఆమే మేస్త్రి అట. సొంతంగా ఒక ఆటో మాట్లాడుకుని ముఠాని తీసుకెళ్తుందట. మాట గట్టిగా ఉంది, ముఖం కళగా ఉంది. నాకు కాస్త ఊపిరి ఆడింది.

"ఒక రూలు పెట్టుకున్నానండి. పదో తరగతి పిల్లల్ని నా ఆటో ఎక్కనివ్వను" అంది.

"మంచి పని చేస్తున్నావమ్మా" అన్నాను.

"ఏం మంచండీ. నేను ఎక్కించుకోనంటే పక్క ఆటో ఎక్కుతున్నారు." నా వైపు తిరిగింది. "అందుకే మిమ్మల్ని చూడగానే వచ్చాను. అప్పుడు పెనుగొలనులో ఏదో చేశారు కదండి మీరు. అదేంటో వివరంగా చెప్పండి. మా ఊళ్లో కొత్త సార్ వచ్చారు, ఆయనకి చెప్పి చేయిస్తాను."

ఆమె ముఖంలోకి చూశాను. ఎగతాళి ఏమీ లేదు. నిజంగానే అడుగుతోంది. తనని ముంచిన దాన్నే ఆ పిల్లల కోసం మళ్లీ అడుగుతోంది. అది మంచిదేనని, తనే దానికి సరిపోలేదని ఇన్నేళ్లూ నమ్ముతూనే ఉంది.

నా బస్సు వచ్చి ఆగింది. నేను లేవలేదు.

"మీ ఆటోలు ఎన్నింటికి బయల్దేరతాయమ్మా?" అని అడిగాను.

"నాలుగున్నరకండి."

"తిరిగొచ్చేది?"

"చీకటి పడ్డాకేనండి. శుక్రవారం మాత్రం పెందలాడే వస్తాం, ఆదివారం అసలు పోం. ఎందుకండి?"

"ప్రసాద్ గారికి గంట గురించి చెప్పకముందే నేను అడగాల్సిన ప్రశ్నలమ్మా ఇవి" అన్నాను.

కెజియా ఒళ్లో ఉన్న సంచీ సర్దుకుంది. నన్ను తప్పుపట్టే గొంతుతో కాదు, మామూలుగానే అంది.

"అడిగితే చెప్పేవాళ్లం కదండి టీచర్."